నెల అంటే అసలు ఎంతకాలం? ఆకాశపు నెల, లెక్కల నెల

రోజుకు భూమి తన చుట్టూ తాను తిరగడం ఆధారం, సంవత్సరానికి భూమి సూర్యుడి చుట్టూ తిరగడం ఆధారం, మరి నెలకు ఆధారం ఏమిటని మీరు అడిగారు. అది చంద్రుడే అయితే ఒకచోట 27 రోజులని, మరొకచోట 29న్నర రోజులని, ఇంకొకచోట 28 అని ఎందుకు కనిపిస్తుందని, క్యాలెండరులోని 30, 31 ఎక్కడి నుంచి వచ్చాయని, ఫిబ్రవరి నుంచి అగస్టస్ చక్రవర్తి ఒక రోజు లాక్కున్నాడన్న కథ నిజమేనా అని కూడా అడిగారు. పంచాంగ గణితంతోనూ క్యాలెండర్ల చరిత్రతోనూ చాలాకాలంగా పని ఉన్నవాడిని కనుక కొంచెం విస్తరించే చెబుతాను. నెల అనే ఒక్క పేరుతో మనం రెండు వేర్వేరు కొలతలను వాడుతున్నాం. ఒకటి ఆకాశంలో చూసి తెలుసుకోవలసినది, రెండోది లెక్కల సౌకర్యం కోసం మనుషులు కుదుర్చుకున్నది. ఈ రెండూ దాదాపు ఒకే పొడవు కావడం వల్ల ఒకదాని లక్షణాన్ని రెండోదానికి అంటగడుతూ ఉంటాం. మీ సందేహాల్లో చాలావరకు ఆ కలగలుపు నుంచి పుట్టినవే.

ఆకాశపు నెల ఎందుకు పుట్టిందో ముందు చూద్దాం. తెల్లవారడం, పొద్దుగూకడం అందరికీ కనిపిస్తాయి కనుక రోజును గుర్తించడానికి ఎవరికీ శ్రమ అక్కర్లేదు. సంవత్సరం అలా కాదు. ఋతువులు మెల్లగా మారతాయి, వానలు ఒక ఏడు ముందుగా, ఒక ఏడు ఆలస్యంగా వస్తాయి. సూర్యుడు ఉదయించే చోటును కదలని గుర్తులతో పోల్చి ఏళ్ళ తరబడి గమనిస్తే తప్ప సంవత్సరానికి ఎన్ని రోజులో తేలదు. రోజు మరీ చిన్నది, సంవత్సరం మరీ పెద్దది, దాని హద్దులు కూడా మసకవి. ఈ రెండింటి నడుమ, ఏ పరికరమూ లేకుండా ఎవరైనా చూడగలిగిన ఆవృత్తి చంద్రకళలది. పడమటి ఆకాశంలో సన్నని నెలవంక తొలిసారి కనిపించిన సాయంత్రం నుంచి మళ్ళీ అలాంటి సాయంత్రం వచ్చేదాకా లెక్కపెడితే 29 రోజులో, 30 రోజులో వస్తాయి. ఇరవైతొమ్మిది, ముప్పై రోజులు లెక్క తప్పకుండా గుర్తుంచుకోవడం మనిషికి సాధ్యమే. అందుకే రాత రాకముందు నుంచే నెల ఉంది. ఫ్రాన్సులోని అబ్రి బ్లాంషార్ వద్ద దొరికిన, సుమారు 30 వేల ఏళ్ళ నాటి ఎముక పలక మీది గుంటలు చంద్రకళల లెక్కేనని అలెగ్జాండర్ మార్షాక్ అనే పరిశోధకుడు వాదించాడు. ఆ వాదాన్ని అందరూ ఒప్పుకోలేదు. నాకు కూడా అది ఆసక్తికరమైన ఊహగానే తోస్తుంది తప్ప రుజువుగా అనిపించదు. గుంటలు ఎన్ని ఉన్నా వాటిని ఏదో ఒక ఆవృత్తికి అతికించడం కష్టమేమీ కాదు.

ఇప్పుడు 27కూ 29న్నరకూ ఉన్న తేడా. చంద్రుడు ఒక నక్షత్రం దగ్గర బయలుదేరి తిరిగి అదే నక్షత్రం దగ్గరికి రావడానికి సగటున 27.32 రోజులు, అంటే 27 రోజుల 7 గంటల 43 నిమిషాలు పడుతుంది. దీన్ని నాక్షత్ర మాసం అంటారు. చంద్రుడు భూమి చుట్టూ ఒకసారి తిరిగి రావడమంటే ఖచ్చితంగా ఇదే. అయితే చంద్రకళ చంద్రుడు ఒక్కడి మీద ఆధారపడదు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య మనకు కనిపించే కోణాన్ని బట్టి కళ ఏర్పడుతుంది. చంద్రుడు రోజుకు సగటున 13.18 డిగ్రీలు తూర్పుకు జరిగితే, సూర్యుడు కూడా అదే దిశలో సుమారు ఒక డిగ్రీ జరుగుతున్నట్టు కనిపిస్తాడు. కాబట్టి చంద్రుడు సూర్యుడిని దాటి ముందుకు పోయేది రోజుకు 12.19 డిగ్రీలే. 360ని 12.19తో భాగిస్తే 29.53 వస్తుంది. అమావాస్య నుంచి అమావాస్యకు పట్టే ఈ 29 రోజుల 12 గంటల 44 నిమిషాల 3 సెకన్ల సగటు కాలమే చాంద్రమాసం. ఆ కోణాన్ని 12 డిగ్రీల చొప్పున 30 భాగాలు చేస్తే వచ్చేవే తిథులు.

గడియారం ముళ్ళతో దీన్ని సులువుగా పోల్చుకోవచ్చు. పన్నెండు గంటల్లో పెద్దముల్లు పన్నెండుసార్లు తిరుగుతుంది, కానీ చిన్నముల్లు కూడా ఒక చుట్టు తిరుగుతుంది కనుక అవి కలుసుకునేది పదకొండుసార్లే. అలాగే ఒక సంవత్సరంలో చంద్రుడు నక్షత్రాల మధ్య సుమారు 13.37 చుట్లు తిరిగితే, సూర్యుడిని కలిసేది 12.37 సార్లు. తేడా సరిగ్గా ఒకటి, ఆ ఒక్కటీ సూర్యుడి చుట్టు. ఇక 28 సంగతి. ఈ సంఖ్యకు చంద్రుడి కదలికతో నేరుగా సంబంధం లేదు, అది నాలుగు వారాల మొత్తం మాత్రమే. నాక్షత్ర మాసం 27కు కొంచెం ఎక్కువ కాబట్టి ఆకాశమార్గాన్ని 27 నక్షత్రాలుగా విభజించారు, అభిజిత్తును కలిపి 28గా లెక్కించిన సంప్రదాయం కూడా ఉంది, చైనాలో సైతం 28 విభాగాలే ఉండేవి. అంతకుమించి 28 రోజుల చంద్రుడు అంటూ ఏదీ లేడు.

ఈ రెండే కాక, చంద్రుడు భూమికి అతి సమీపమైన బిందువు నుంచి మళ్ళీ అక్కడికి చేరే కాలం 27.55 రోజులు, చంద్రుడి దారి సూర్యుడి దారిని ఖండించే చోట ఉండే రాహువు లేదా కేతువు అనే పాతబిందువు నుంచి తిరిగి అదే బిందువుకు చేరే కాలం 27.21 రోజులు. రోజువారీ జీవితంలో వీటికి చోటు లేదు కానీ గ్రహణాల లెక్కకు ఇవే ప్రాణం. 223 చాంద్రమాసాలు, 242 పాతమాసాలు, 239 సమీపబిందు మాసాలు మూడూ దాదాపు సమానం, ఒక్కొక్కటీ 6585 రోజుల చిల్లర. అందువల్లనే 18 సంవత్సరాల 11 రోజులకు ఒకేలాంటి గ్రహణాలు తిరిగి వస్తాయి.

సగటు అన్న మాటను మాత్రం గట్టిగా పట్టుకోవాలి. చంద్రుడి కక్ష్య, భూమి కక్ష్య రెండూ దీర్ఘవృత్తాలే కావడంతో వేగాలు మారుతూ ఉంటాయి, అమావాస్యకు అమావాస్యకు మధ్య వ్యవధి కూడా సుమారు 29.27 రోజుల నుంచి 29.83 రోజుల వరకు మారుతుంది. కొన్ని గంటలతో పోయే తేడా కాదిది. రెండు మూడు నెలలు గమనించి సగటు కట్టబోతే తప్పు లెక్కే వస్తుంది. మరి ప్రాచీనులకు అంత సూక్ష్మమైన విలువ ఎలా దొరికింది? పరికరాల వల్ల కాదు, ఓపిక వల్ల. చంద్రగ్రహణం పౌర్ణమి క్షణాన్ని తేల్చి చెబుతుంది. కొన్ని వందల ఏళ్ళ ఎడం ఉన్న రెండు గ్రహణాలను తీసుకుని, మధ్యనున్న రోజులను మధ్యనున్న నెలలతో భాగిస్తే, గ్రహణ సమయం గుర్తించడంలో రెండు మూడు గంటల పొరపాటు ఉన్నా అది వేలాది నెలల మీదికి పరచుకుని సెకన్లలోకి తగ్గిపోతుంది.

బాబిలోనియా గణకులు ఈ విధంగా సాధించిన సగటు దశాంశాల్లో చెప్పుకుంటే 29.530594 రోజులు. గ్రీకు ఖగోళవేత్త హిప్పార్కస్, తరువాత టాలమీ దీన్నే స్వీకరించారు. యూదుల క్యాలెండరులో నేటికీ వాడుతున్న 29 రోజుల 12 గంటల 793 భాగాలు (గంటకు 1080 భాగాలు) అన్న లెక్కా ఇదే విలువ. మన ప్రాచీన ఖగోళ గ్రంథమైన సూర్యసిద్ధాంతం మరొక పద్ధతిలో చెబుతుంది. 43,20,000 సౌరవర్షాల మహాయుగంలో 157,79,17,828 సావన దినాలు (సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా లెక్కించే మామూలు రోజులు), 5,34,33,336 చాంద్రమాసాలు ఉంటాయని అది చెప్పిన సంఖ్యలను భాగించి చూస్తే 29.530588 వస్తుంది. నేటి ఖగోళశాస్త్రం ఇచ్చే సగటు విలువ కూడా ఐదు దశాంశాల వరకు ఇదే. మహాయుగం అన్న పెద్ద సంఖ్యను పురాణ కల్పనగా కొట్టిపారేసేవారికి నేను చెప్పేది ఒకటే: భిన్నాలు లేకుండా నిష్పత్తిని పూర్ణాంకాల్లో రాసుకోవడానికి అది ఒక సాధనం.

ఇంత సూక్ష్మమైన సగటు కూడా శాశ్వతం కాదు. సముద్రాల్లోని పోటుపాట్ల రాపిడి వల్ల భూభ్రమణం మందగిస్తోంది, ఆ శక్తిలో కొంత చంద్రుడికి చేరి అతడు ఏటా 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరమవుతున్నాడు. 1969లో అపోలో 11 యాత్రికులు చంద్రుడిపై ఉంచిన ప్రతిఫలకాలకు, ఆ తరువాత చేరిన మరికొన్నింటికి లేజర్ కిరణాలను పంపి ఈ దూరాన్ని కొలుస్తున్నారు. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎలటినా శిలల్లో సుమారు 62 కోట్ల ఏళ్ళ కిందటి పోటుపాట్లు పొరలు పొరలుగా నిలిచిపోయాయి. వాటిని లెక్కించినప్పుడు ఆనాడు సంవత్సరానికి సుమారు 400 రోజులు, 13.1 చాంద్రమాసాలు ఉండేవని, ఒక రోజుకు 22 గంటల కంటే కొంచెం తక్కువ పట్టేదని తేలింది. ఏడాదికి పన్నెండు నెలలన్నది ప్రకృతి నియమం కాదు, మనం పుట్టిన కాలానికి చెందిన ఒక యాదృచ్ఛికం.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. 29.53 పూర్ణ దినాల సంఖ్య కాదు. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354.37 రోజులు, ఋతువుల సంవత్సరం 365.24 రోజులు, రెండింటికీ మధ్య దాదాపు 11 రోజుల తేడా. చంద్రుణ్ణి నమ్ముకుంటే మూడేళ్ళలో నెల రోజులకు పైగా ఋతువులు జారిపోతాయి. సూర్యుణ్ణి నమ్ముకుంటే పౌర్ణమి ఏ తేదీకైనా రావచ్చు. ఇద్దరినీ పట్టుకోవాలంటే సంవత్సరాల పొడవు సమానంగా ఉండదు. క్యాలెండర్ల చరిత్ర మొత్తాన్ని, ఏ సమాజం దేన్ని వదులుకోవడానికి సిద్ధపడిందన్న కోణం నుంచి చదవవచ్చు.

ఇద్దరినీ వదలకూడదనుకున్నవారు అధికమాసం పెట్టుకున్నారు. బాబిలోనియాలో తొలినాళ్ళలో దీనికి నియమమేమీ లేదు, రాజు ఆజ్ఞే నియమం. క్రీ.పూ. 18వ శతాబ్దపు రాజు హమ్మురాబి తన అధికారికి రాయించిన లేఖ ఒకటి మిగిలి ఉంది. మొదలవుతున్న నెలను రెండో ఉలూలుగా నమోదు చేయాలని, ఉలూలు తరువాత రావలసిన తష్రీతు నెల 25న రాజధానికి చేరవలసిన పన్ను ఈ రెండో ఉలూలు 25నే చేరాలని అందులో ఆదేశం ఉంది. నెల పేరు మారినంత మాత్రాన పన్ను గడువు మారదని రాజుగారు ముందే జాగ్రత్తపడ్డారు. నెలతో కలిగిన పాలనాపరమైన తలనొప్పికి ఇంతకంటే పాత, ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం నాకు కనిపించలేదు. కాలక్రమంలో బాబిలోనియాలో 19 సంవత్సరాలకు ఏడు అధికమాసాల పద్ధతి స్థిరపడింది. 19 ఋతుసంవత్సరాలకూ 235 చాంద్రమాసాలకూ మధ్య తేడా సుమారు రెండు గంటలే. ఏథెన్సులో ఖగోళవేత్త మెటన్ క్రీ.పూ. 432లో ప్రకటించినది కూడా ఈ చక్రాన్నే కాబట్టి దానికి అతని పేరు నిలిచింది. యూదుల క్యాలెండరు ఇప్పటికీ దీని మీదే నడుస్తోంది.

భారతదేశంలో అధికమాసపు జాడ ఋగ్వేదంలోనే ఉంది. వరుణుడికి పన్నెండు మాసాలూ తెలుసునని, వాటికి తోడుగా పుట్టేదీ తెలుసునని మొదటి మండలంలోని ఒక మంత్రం చెబుతుంది. ప్రాచీన కాలగణన గ్రంథమైన వేదాంగ జ్యోతిషంలో ఐదు సంవత్సరాల యుగం, 1830 రోజులు, 62 చాంద్రమాసాలు, 67 నాక్షత్ర మాసాలు ఉన్నాయి. అరవైకి రెండు అధికమాసాలన్నమాట. ఆ లెక్కలో నెలకు 29.516 రోజులు వస్తుంది, ముతక లెక్కే. తరువాతి సిద్ధాంత గ్రంథాలు ముందుగా నిర్ణయించిన చక్రాన్నే వదిలిపెట్టి ఆకాశాన్ని నేరుగా ఆశ్రయించాయి. సూర్యుడు ఒక రాశి నుంచి మరొక రాశిలోకి ప్రవేశించడం సంక్రమణం. రెండు అమావాస్యల మధ్య సంక్రమణం లేకపోతే అది అధికమాసం, ఒకే చాంద్రమాసంలో రెండు సంక్రమణాలు పడితే ఒక మాసం పేరు లుప్తమై క్షయమాసం ఏర్పడుతుంది. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చినది ఈ నియమం ప్రకారమే. సగటున 32న్నర సౌరమాసాలకు (సూర్యుడు ఒక రాశిని దాటే కాలం సౌరమాసం) ఒక అధికమాసం వస్తుంది.

క్షయమాసం అంత సులభంగా రాదు. 1963-64లో ఒకటి, 1982-83లో ఒకటి వచ్చాయి, తరువాతిది 2123-24లో. అది శీతకాలపు మాసాల్లోనే రావడానికి కారణం ఉంది. భూమి జనవరి మొదట్లో సూర్యుడికి అతి సమీపంగా, అతి వేగంగా కదులుతుంది కాబట్టి సూర్యుడు ఆ రోజుల్లో ఒక రాశిని 29న్నర రోజుల లోపే దాటేస్తాడు. ఆ ఋతువులో మాత్రమే సౌరమాసం చాంద్రమాసం కంటే చిన్నదయ్యే అవకాశం ఉంది. చైనా సంప్రదాయంలో కూడా దాదాపు ఇదే ఆలోచన కనిపిస్తుంది. సూర్యగతిని పన్నెండు ప్రధాన బిందువులుగా విభజించి, ఏ బిందువూ పడని మాసాన్ని అధికంగా లెక్కిస్తారు. షాంగ్ రాజవంశ కాలపు ఎముకల మీది శాసనాల్లో పదమూడో నెల ప్రస్తావన ఉంది కనుక అక్కడ కూడా ఈ సమస్య మూడువేల ఏళ్ళ నాటిదే.

నెల ఎప్పుడు మొదలవుతుందన్న దానిలో కూడా ఏకాభిప్రాయం లేదు. బాబిలోనియాలో నెలవంక కనిపించిన సాయంత్రం మొదలు, ప్రాచీన ఈజిప్టులో తెల్లవారుజామున క్షీణచంద్రుడు కనిపించకుండా పోయిన రోజు మొదలు. భారతదేశంలో అమావాస్యతో ముగిసే అమాంత పద్ధతి, పౌర్ణమితో ముగిసే పూర్ణిమాంత పద్ధతి రెండూ ఉన్నాయి, అందువల్ల ఒకే కృష్ణపక్షం రెండు చోట్ల రెండు మాసాల పేర్లతో నడుస్తుంది. చైత్రం, వైశాఖం వంటి పేర్లు మాత్రం పౌర్ణమి చంద్రుడు నిలిచే నక్షత్రాన్ని బట్టి వచ్చాయి. తారీఖు తెలియకపోయినా పున్నమి రాత్రి ఆకాశం చూసి మాసాన్ని గుర్తుపట్టే ఈ ఏర్పాటు నాకు చాలా ఇష్టం.

ఇస్లామిక్ క్యాలెండరు సూర్యుణ్ణి వదులుకుంది. మాసాలు పన్నెండేనని, వాటిని ముందుకూ వెనక్కూ జరపరాదని ఖురాను స్పష్టంగా చెప్పడంతో అధికమాసానికి అక్కడ చోటు లేదు. సంవత్సరం 354 లేదా 355 రోజులు, ప్రతి మాసమూ సుమారు 33 ఏళ్ళలో అన్ని ఋతువులనూ చుట్టివస్తుంది. ముందుగా లెక్కకట్టే పట్టిక పద్ధతిలో 30 సంవత్సరాలకు 11 సార్లు ఒక రోజు కలుపుతారు. ఆకాశపు నెలకు అత్యంత విధేయంగా మిగిలినది ఈ క్యాలెండరే అని నా అభిప్రాయం.

చంద్రుణ్ణి వదులుకున్నవారిలో ముందుగా చెప్పవలసింది ఈజిప్టువాసులను. వారికి మతకార్యాల కోసం చాంద్రమాసాలు వేరుగా ఉన్నా, పాలన కోసం మాత్రం 30 రోజుల నెలలు పన్నెండు, చివర ఐదు విడి రోజులు, మొత్తం 365 అని పెట్టుకున్నారు. లీపు లేదు, చంద్రుడు లేడు, ఎవరి ఆజ్ఞా అక్కర్లేదు. ఖగోళవేత్తలు ఆ తరువాత శతాబ్దాల పాటు తమ లెక్కలకు ఈ క్యాలెండరునే వాడుకోవడానికి కారణం ఆ సరళతే. నిజానికి లెక్కల నెల అంతకు ముందే ఉంది. మెసొపొటేమియాలో రాత మొదలైన తొలి దశలోని ధాన్యపు, కూలి లెక్కల్లోనే నెలకు 30 రోజులు, ఏడాదికి 360 రోజులు అన్న గుండు లెక్క కనిపిస్తుంది. అంటే ఆకాశం చూసి మొదలుపెట్టే 29 లేదా 30 రోజుల నెలా, గుమాస్తా కోసం స్థిరంగా నిలిచిన 30 రోజుల నెలా పక్కపక్కనే నడిచాయి. భారతీయ గణితంలో 30 సావన దినాలను సావన మాసమని వేరుగా చెప్పడం కూడా ఇదే అవసరానికి.

ఇక రోము, మనం నేడు వాడుతున్న నెలలకు పుట్టినిల్లు. తొలి క్యాలెండరులో మార్చి నుంచి డిసెంబరు దాకా పది నెలలు, 304 రోజులు మాత్రమే ఉండేవని, జనవరి, ఫిబ్రవరులను నూమా రాజు చేర్చాడని రోమన్ల ఐతిహ్యం. సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు పేర్లలో ఏడు నుంచి పది దాకా అంకెలు దాగి ఉండడం ఆ మార్చి మొదలుకు గుర్తు. మొదట్లో నెలవంక కనిపించాక పూజారి కొత్త నెలను ప్రకటించేవాడు, నెల మధ్యలోని ఈడీస్ రోజు పౌర్ణమికి గుర్తు. అయితే చారిత్రక కాలానికి వచ్చేసరికి చంద్రుడితో బంధం తెగిపోయి, పేర్లు మాత్రమే మిగిలాయి. సరిసంఖ్యలు అశుభమన్న నమ్మకం వల్ల సంవత్సరానికి 354 బదులు 355 రోజులు, మార్చి, మే, జులై, అక్టోబరులకు 31, ఫిబ్రవరికి 28, మిగిలినవాటికి 29 చొప్పున పంచారు. మొత్తాన్ని ఋతువులకు సరిపెట్టడానికి రెండేళ్ళకోసారి అదనపు నెల చేర్చాలి, ఆ అధికారం పూజారి సంఘానిది. నచ్చిన అధికారి పదవీకాలం పెంచడానికో, నచ్చనివాడిది తగ్గించడానికో ఆ అధికారాన్ని వాడుకున్నారన్న ఆరోపణలు అప్పటి నుంచే ఉన్నాయి.

చివరికి జూలియస్ సీజర్ క్రీ.పూ. 46వ సంవత్సరాన్ని 445 రోజులకు పెంచి ఋతువులతో సరిచేసి, ఆ మరుసటి ఏడాది నుంచి 365 రోజుల సంవత్సరాన్ని, నాలుగేళ్ళకు ఒక అదనపు రోజును అమలు చేశాడు. పాత 355కు కలపవలసిన పది రోజుల్లో జనవరికి, ఆగస్టుకు, డిసెంబరుకు రెండేసి, ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, నవంబరులకు ఒక్కొక్కటి చేర్చాడు. ఫిబ్రవరిని ముట్టుకోలేదు, ఎందుకంటే ఆ నెలలోని మతకర్మలు చెదరకూడదు. 30, 31, 28 అన్న నేటి అమరిక అక్కడే పూర్తయింది. మీరు అడిగిన అగస్టస్ కథ 13వ శతాబ్దపు పండితుడు సాక్రోబోస్కో రాతల ద్వారా వ్యాపించింది. సీజర్ నెలలను 31, 30గా చక్కగా మార్చిమార్చి పెట్టాడని, అగస్టస్ తన నెల చిన్నదిగా ఉండకూడదని ఫిబ్రవరి నుంచి ఒక రోజు తీసుకున్నాడని ఆ కథ. సీజర్ సంస్కరణకు ముందరి క్యాలెండరు చిత్రించిన గోడ శకలాలు ఇటలీలోని ఆంటియంలో దొరికాయి, వాటిలో ఫిబ్రవరికి అప్పటికే 28 రోజులున్నాయి. కథ తప్పని తేల్చడానికి ఇది చాలు. అగస్టస్ కాలంలో క్రీ.పూ. 8లో ఆ నెలకు అతని పేరు పెట్టిన మాట, సీజర్ మరణానంతరం పూజారులు మూడేళ్ళకోసారి లీపు వేసి చేసిన పొరపాటును అతడు సరిదిద్దిన మాట మాత్రం నిజం.

పోప్ గ్రెగొరీ 1582లో చేయించిన సవరణ లీపు సంవత్సరాలకూ ఈస్టరు గణనకూ సంబంధించినది, నెలల పొడవును అది మార్చలేదు. నెలల పొడవుకు ఖగోళపరమైన కారణం చూపగలిగిన క్యాలెండరు కావాలంటే భారత జాతీయ క్యాలెండరును చూడండి. ఖగోళ భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన ఏర్పడిన సంఘం సిఫారసుతో 1957 మార్చి 22న అది అమల్లోకి వచ్చింది. అందులో వైశాఖం నుంచి భాద్రపదం వరకు ఐదు మాసాలకు 31 రోజులు, ఆ తరువాతి మాసాలకు 30, లీపు ఏడాదిలో మాత్రం చైత్రానికి కూడా 31. భూమి సూర్యుడికి దూరంగా, నెమ్మదిగా నడిచే నెలలకే ఎక్కువ రోజులు దక్కాయి. తర్కం దృష్ట్యా రోమన్ అమరిక కంటే ఇది ఎంతో మెరుగు, వాడుక దృష్ట్యా ప్రభుత్వ పత్రాల తలమీద మిగిలిపోయింది.

నెలను పూర్తిగా కొత్తగా కట్టాలన్న ప్రయత్నాలు కూడా జరిగాయి. ఫ్రెంచి విప్లవకారులు 1793లో 30 రోజుల పన్నెండు నెలలు, ఒక్కో నెలకు పది రోజుల మూడు భాగాలు ప్రవేశపెట్టారు. 1806 ఆరంభంతో నెపోలియన్ దాన్ని రద్దు చేశాడు. మోజెస్ కాట్స్‌వర్త్ 1902లో 28 రోజుల నెలలు పదమూడు, ఒక విడి రోజు కలిపిన పథకం తయారుచేశాడు. దాన్ని ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థ తన అంతర్గత లెక్కలకు 1928 నుంచి 1989 దాకా వాడుకుంది. ప్రతి నెలా వారంలోని ఒకే రోజుతో మొదలవుతుంది కనుక లెక్కలకు అది బాగానే ఉంటుంది, కానీ పదమూడును సగానికీ, పావుకూ విడగొట్టలేం, ఏ వారానికీ చెందని ఆ విడి రోజు వారాల నిరంతర వరుసను తెంచుతుంది. మధ్య అమెరికాలోని మాయా ప్రజల 20 రోజుల నెలలు పద్దెనిమిదికి, బహాయీ మతస్థుల 19 రోజుల నెలలు పందొమ్మిదికి చంద్రుడితో ఏ సంబంధమూ లేదు. అలాగని మాయా గణకులు చంద్రుణ్ణి మరిచారనుకోవద్దు. డ్రెస్డెన్ లిపిగ్రంథం అనే మాయా రాతప్రతిలోని గ్రహణ పట్టికలో వారు 405 చాంద్రమాసాలకు 11,960 రోజులు లెక్కవేశారు, అసలు విలువ 11,959.89. చంద్రుడి లెక్క వేరు, క్యాలెండరు నెల వేరు అని వారు మొదటి నుంచే విడదీసుకున్నారు.

నేటి వ్యవహారంలో నెల ఏమిటన్నది చివరిగా చెబుతాను. గ్రెగోరియన్ పద్ధతిలో 400 సంవత్సరాలకు 1,46,097 రోజులు, 4,800 నెలలు, కనుక సగటు నెల 30.436875 రోజులు. అది సంవత్సరంలో పన్నెండో వంతు మాత్రమే, చాంద్రమాసం కంటే దాదాపు 22 గంటలు ఎక్కువ. అంతర్జాతీయ కొలతల వ్యవస్థ నిమిషాన్ని, గంటను, రోజును సెకనుతో పాటు వాడుకోవడానికి అనుమతించింది, నెలకు ఆ గౌరవం ఇవ్వలేదు. పొడవు స్థిరంగా లేనిదాన్ని ప్రమాణంగా ఎవరూ తీసుకోరు కదా. ఇంగ్లండు సాధారణ న్యాయంలో (కామన్ లా) ఒకప్పుడు నెల అంటే వేరుగా చెప్పకపోతే 28 రోజులే. పన్నెండు నెలల కౌలు 48 వారాలకే ముగిసేది. అక్కడి శాసనాల విషయంలో 1850లో, ఒప్పందాల విషయంలో 1925లో చట్టాలు చేసి క్యాలెండరు నెలను ఖాయం చేశారు. భారతదేశంలో 1897 నాటి సాధారణ నిబంధనల చట్టం నెలను బ్రిటిష్ క్యాలెండరు ప్రకారమే లెక్కించమంటుంది. అయినా అంచుల దగ్గర చిక్కులు పోలేదు. జనవరి 31కి ఒక నెల కలపమంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫిబ్రవరి 28 అంటాయి, కొన్ని మార్చి 3 అంటాయి. ఫిబ్రవరి 28 నుంచి మళ్ళీ ఒక నెల తీసివేస్తే జనవరి 28 వస్తుంది తప్ప బయలుదేరిన 31 రాదు. రుణపత్రాల వడ్డీ లెక్కల్లో నెలకు 30, ఏడాదికి 360 అన్న ఆ పురాతన మెసొపొటేమియా గుండు లెక్క ఇప్పటికీ బతికే ఉంది. కాబట్టి గడువు ముఖ్యమైన ఏ పత్రంలోనైనా ఒక నెల అని ఊరుకోకుండా తేదీ వేయండి, లేదా ఎన్ని రోజులో అంకెతో రాయండి. చంద్రుడి గురించి మాట్లాడేటప్పుడు మాత్రం, నక్షత్రంతో కొలిచారా, సూర్యుడితో కొలిచారా అని ముందుగా అడగండి. మీరు చదివిన 27, 29న్నర రెండూ అప్పుడు వాటి చోట్లలో సరిగానే కూర్చుంటాయి.